గుల్జార్ హౌజు కాడి నీళ్లు

జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. కుంపట్ల ఇంకో రెండు బొగ్గులు వేస్త. గుల్జార్ హౌజు ముచ్చట అడిగిండ్రు గద, అది కొంచెం పొడుగే ఉంటది.

చార్మినార్ నించి మదీనా చౌరస్తా దిక్కు పోతుంటే నాలుగు కమాన్ల నడిమిట్ల చిన్న ఫౌంటేన్ కనవడ్తది. బండ్లన్నీ దాన్ని చుట్టుకోని పోతయి. అదే. 1591ల చార్మినార్ కట్టిన కులీ కుతుబ్ షానే మరుసటేడు ఆ కమాన్లు లేపిండు. చార్మినార్ కమాన్, మచ్లీ కమాన్, కాలీ కమాన్, షేర్-ఎ-బాతిల్ కమాన్. వాటి నడిమి జాగ అప్పుడు బజారు కాదు. జిలూఖానా అనేటోళ్లు. పాదుషా మహళ్ల ముందటి మైదానం, ఫౌజు వచ్చి నిలవడేది ఆడనే. పడమటి కమాన్ దాటితే మహళ్లే. అసొంటి పారా ఉన్న సర్కారు జాగ నడిమిట్ల ఇంత పెద్ద హౌజు కట్టిచ్చి నీళ్లు నింపిండ్రు. సిపాయి దూపయినా, బాటసారి దూపయినా ఆడ తీరేదని మా పెద్దోళ్లు చెప్పేటోళ్లు. మహళ్లు కట్టని రాజు ఎవడు? నీళ్లను తన వాకిట్లకు తెచ్చినందుకే నాకు ఆయన మీద గౌరవం.

హౌజు అప్పుడు ఇంత చిన్నగ లేకుండె. తర్వాత సడక్ కోసమని కుదిచ్చిండ్రు.

మోటర్లు లేని కాలంల నీళ్లు ఎట్ల పారేటియని అడుగుతరేమో. గోల్కొండ కోట గోడలల్ల మట్టి గొట్టాలు చూపిచ్చిన, యాదుందా? ఒకదాని మూతి ఇంకోదాంట్ల దూర్చి వరుసగ పేర్చుకుంట పోయిండ్రు. దుర్గం చెరువు నీళ్లు కోటకు అట్ల వచ్చేటియే. ఎత్తు మీద చెరువు, పల్లంల ఊరు ఉంటే సగం పని నేలనే చేస్తది. ఇంకా పైకి ఎక్కియ్యాలంటే ఎడ్లు తిప్పే చక్రాలు ఉండె.

1687ల ఔరంగజేబు గోల్కొండను గెలిచినంక ఆ మహళ్లకు ఆలనా పాలనా లేకపాయె. మైదానం మెల్లగ బజారయింది. 1806 ప్రాంతంల దివాను మీర్ ఆలం పేరు మీద 21 కమాన్ల కట్టతోని చెరువు కట్టిండ్రు, పాతబస్తీ దాని నీళ్లు తాగి బతికింది. ఆ నీళ్లను ఇంటింటికి మోసింది బిస్తీలు. మేకతోలు సంచి భుజానికి ఏలాడేది, కాళ్లకాడ ముడులు, మెడకాడ మూతి. ఆ మూతిని పిడికిట్ల పట్టుకోని కొంచెం వదులు చేసేటోడు. సన్నటి ధార మన దోసిట్ల పడేది. ఒక్క చుక్క కింద వడకపోయేది. మొదటి గుక్కల తోలు వాసన వచ్చేది, రెండో గుక్కకు అదేం యాదికుండకపోయేది.

ఇగ 1908 సెప్టెంబర్ 28. మూసీ నది పొంగింది. వేల మంది కొట్టుకపోయిండ్రు. ఇప్పటి ఉస్మానియా దవాఖాన వెనకాల ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా పానాలు దక్కిచ్చుకున్నరు. మరుసటేడు ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపిస్తె, ఊరికి ఎగువన రెండు పెద్ద చెరువులు కట్టుండ్రన్నడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920ల, ఈసా మీద హిమాయత్ సాగర్ 1927ల తయారైనయి. ఉస్మాన్ సాగరే మన గండిపేట. వరద ఆపనీకె కట్టిన కట్ట ఊరి దూప కూడ తీర్చింది! నీళ్లు రాతి కాలువల తమంతట తాము ఆసిఫ్‌నగర్ దాకా ఉరికొచ్చి, ఆడ వడవోసుకోని నల్లాలల్లకు పోయేటియి.

గా నల్లా నీళ్లు నేను తాగిన. ఒక సర్కారు దఫ్తరు వాకిట్ల నల్లరాతి గద్దె, దాని మీద ఇనుప కంబం, ఇత్తడి నల్లా. కింద పడ్డ నీళ్లు తొట్టిలకు పోతె టాంగా గుర్రాలు తాగేటియి. మా ఊరి బాయి కాడ చేదకు గూడ కులం ఉండె. మాల మాదిగలు గట్టుకు దూరం నిలవడి, ఎవరన్న పోస్తె దోసిలి పట్టాలె. రైలు టేషన్లల్ల హిందూ పానీ, ముస్లిం పానీ అని వేరు వేరుగ పోసేటోళ్లని మా నాయిన చెప్పేటోడు. ఈ నల్లా కాడ మొఖం చిట్లిచ్చేటోళ్లు లేకపోలేదు, కాని పక్కకు జరుగుమనే హక్కు ఎవనికీ లేకుండె. జాగ సర్కారుది, నీళ్లు సర్కారియి. మా ఎంబడి కూలికొచ్చిన మాదిగాయన నా కంటె ముందుగాల నల్లా తిప్పి కడుపు నిండ తాగిండు. గట్ల ఆయన నిలవడి తాగుడు నేను మా ఊర్ల ఎన్నడు చూడలే.

తర్వాత 1965ల మంజీర వచ్చింది, 2004ల కృష్ణ, 2015ల గోదారి. ఊర్లకు నీళ్లు శానా వచ్చినయి. అయినా ఎండకాలం చార్ కమాన్ల కాడ గాజులమ్మే ఆడోళ్లు, ఠేలా నూకేటోళ్లు పైసలు పెట్టి నీళ్ల సీసా కొంటున్నరు, ఆడ హౌజుల నీళ్లు ఎగురుతనే ఉంటయి. అందుకే ఆ జాగల ఒక మంచినీళ్ల నల్లా, పశువులకు ఒక తొట్టి పెట్టుమని అర్జీ రాసిపెట్టిన. అగో, ఆ గూట్ల ఉంది. పొద్దుగాల మీరందరు చదివి, తప్పులుంటే దిద్ది, కింద సంతకాలు పెట్టుండ్రి. గాజులమ్మే ఆడోళ్ల సంతకాలు నేనే పోయి తీస్కొస్త.