చేతిపని వేట తుపాకి: గంజాం సీమలో దాని కథ, దాని విలువ

బరంపురం అంకులి మొదలుకొని ఇచ్ఛాపురం, సోంపేట, మందసల వరకు గల సరిహద్దు సీమలో పాత కుటుంబాల ఇండ్లలో తాతలనాటి తుపాకి ఒకటి ఉండడం వింత కాదు. దసరానాడు దానికి బొట్టు పెట్టి పూజించి, మరునాడు మళ్ళీ పెట్టెలో దాచివేసే ఇండ్లు ఉన్నవి. ఆ తుపాకి ఎక్కడిది, ఎవరు చేసినది, ఎంత విలువైనది అని అడిగితే మాత్రం నిక్కమైన సమాధానం అరుదు. "అది సీమ తుపాకి" అన్నదే తరతరాలుగా వచ్చే మాట. సీమ నుండి వచ్చినదంతా ఒకటి కాదు. కార్ఖానాలో వేల లెక్కన పోతపోసినట్లు వచ్చిన తుపాకి వేరు. ఒక మనిషి కోసం, అతని కొలతలు తీసుకొని, ఏళ్ళ తరబడి చేతితో చెక్కిన వేట తుపాకి వేరు. ఈ రెండవ రకానికే లోకంలో ఇంత పేరు.

చేతిపని వేట రైఫిల్ అంటే యంత్రం తాకనిది అని అర్థం కాదు. గొట్టం తొలచడం, లోపల మెలి గాడులు తీయడం మొదటి నుండి యంత్రపు పనులే. చేతిపని అంతా ఆ తరువాత వస్తుంది. ఒక భాగం మరొక భాగంలో ఒదిగేటట్లు ఆకురాయితో రాపాడడం, లోహాన్ని కలపలో కూర్చడం, మీట లాగినప్పుడు తెగవలసిన చోటనే తెగేటట్లు తీర్చడం నిపుణుని వేళ్ళు చేయవలసినవే. ఇందుకు వారు వాడే పరికరాలలో ముఖ్యమైనది దీపపు మసి. లోహపు భాగానికి మసి పూసి ఎదుటి భాగంలో అమర్చి తీస్తే, ఎక్కడ మసి అంటినదో అక్కడ ఇంకా ఒత్తిడి ఉన్నదని తెలుస్తుంది. అంత మేరకే గీకుతారు. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు. మసి అంతటా సమంగా అంటేవరకు ఇదే పని. లండన్, బర్మింగ్‌హామ్ నగరాల పేరుమోసిన దుకాణాలలో నేటికీ ఈ పద్ధతే నడుస్తున్నది.

కొలతల సంగతి దర్జీ పనిని పోలినది. కొనేవాని చేయి పొడుగు, మెడ ఎత్తు, భుజాల వెడల్పు, ఏ కంటితో గురి చూస్తాడన్నది ముందుగా చూస్తారు. ఇందుకోసం అటూ ఇటూ జరిపే మరలున్న ఒక కొలత తుపాకిని అతని భుజానికి ఆనించి, వెనుకనున్న కలప భాగం ఎంత పొడుగు ఉండాలి, ఎంత వంగాలి, ఏ ప్రక్కకు ఎంత ఒరగాలి అన్నది నిర్ణయిస్తారు. ఆ తరువాత అక్రోటు కలప దిమ్మను ఎన్నుకొని, దాని చార గట్టి వైపు తిరిగేటట్లు కోసి చెక్కుతారు. ఇట్లా చేసిన తుపాకి భుజానికి ఎత్తగానే కన్ను వెదకకుండానే గురి మీద నిలుస్తుంది. పొద నుండి పులి దూకితే వేటగానికి దొరికేది రెప్పపాటు కాలం. ఆ రెప్పపాటు కోసమే ఇంత శ్రమ. అదే తుపాకి మనుమని భుజానికి సరిపడకపోవచ్చు. తాత కొలతకు కుట్టిన కోటు మనుమనికి పట్టనట్లే.

ముందు చెక్క కొనకు గేదె కొమ్ము తొడుగు వేయడం ఆంగ్ల దుకాణాల పాత మర్యాద. పర్లాకిమిడి కొమ్ము పనివారి నేర్పు ఎరిగిన ఈ ప్రాంతం వారికి అట్టి కొమ్ము పని కొత్త కాదు.

జోడు గొట్టాల రైఫిల్ చేయడం వీటన్నిటిలో కష్టమైనది. రెండు గొట్టాలు సమాంతరంగా ఉంటాయని చూసేవారు అనుకుంటారు. అవి నిజానికి మూతి వైపు దగ్గరవుతూ పోతాయి. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకి కుడికి, ఎడమది పేలినప్పుడు ఎడమకు తొలగుతుంది గనుక, ఆ తొలగుడును లెక్కలో పెట్టి గొట్టాలను కలపాలి. ఈ లెక్క కాగితం మీద తేలేది కాదు. గొట్టాలను అతికించి, పేల్చి చూసి, గుండ్లు రెండూ ఒకచోట పడకపోతే అతుకు కరిగించి, నడుమనున్న చీలను వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ పేల్చి చూస్తారు. ఒక తుపాకికి ఎన్నోమార్లు ఇట్లా చేయవలసి రావచ్చు. అందువలననే అట్టి రైఫిల్ ఒకే రకం తూటాకు, అందులో ఒకే తూకం మందుకు మాత్రమే కుదురుతుంది. వేసవి వేడిమికి మందు ఒత్తిడి పెరుగుతుందని, ఉష్ణదేశాలకు పంపే తూటాలలో మందు కొంత తగ్గించి నింపేవారు.

హిందూదేశమే ఈ పరిశ్రమకు పెద్ద అంగడి. దేశపు పేరుతోనే చెప్పుకొన్న తూటా కూడా ఒకటి ఉన్నది. 1907 ప్రాంతంలో .450 కొలత తూటాలను హిందూదేశంలోనికి, సూడాన్‌లోనికి తేరాదని ఆంగ్ల ప్రభుత్వం నిషేధించినది. పాత సైనిక తుపాకులలో అవి పనికివచ్చి తిరుగుబాటుదార్ల చేతికి చిక్కుతాయన్నది భయం. దానితో దుకాణదారులు ఆ కొలతకు కొద్దిగా అటూ ఇటూ కొత్త తూటాలు కల్పించినారు; హాలండ్ అండ్ హాలండ్ వారి .500/465 అట్లా వచ్చినదే. అంతకుముందు 1885లో కల్నల్ ఫాస్బరీ హక్కు పొందిన పారడాక్స్ గొట్టం మరొకటి. గొట్టమంతా నునుపు, మూతి దగ్గర మాత్రం గాడులు. రవ్వలతో పిట్టను, గుండుతో పులిని ఒకే తుపాకితో కొట్టవచ్చునని దానికి ఇక్కడ గొప్ప గిరాకీ ఉండేది.

గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలోనిది. కనుక ఈ సీమ జమీందారులకు సీమ సరుకు దారి మద్రాసు మీదుగానే. మద్రాసులో గడియారాల వర్తకంతో 1849లో మొదలైన పి.ఆర్ అండ్ సన్స్ వారు, ఓక్స్ కంపెనీ వారు తుపాకులు కూడా అమ్మినారు. ఇంగ్లాండులో చేయించిన తుపాకుల మీద తమ పేరు చెక్కించుకొనడం అప్పటి వర్తకుల అలవాటు. కాబట్టి గొట్టం మీద మద్రాసు పేరు కనిపిస్తే అది మద్రాసులో చేసినదని తేల్చివేయరాదు. తెలుగు రాజకుటుంబాలలో వేటకు పేరుపొందినవాడు విజయనగరం మహారాజకుమారుడు, క్రికెట్ లోకంలో విజ్జీగా ప్రసిద్ధుడైన విజయానంద గజపతిరాజు (1905–1965). మూడు వందలకు పైగా పులులను కొట్టినట్లు ఆయన గురించి చెప్పుకొనేవారు. ఒక్క మనిషి లెక్క అది. 1972లో దేశమంతటా లెక్కించగా మిగిలిన పులులు 1,827 మాత్రమే.

సీమ తుపాకి రాకముందు ఈ కొండలలో తుపాకి లేదనుకొనరాదు. వత్తి అంటించి పేల్చే పొడుగు గొట్టపు తుపాకులు పాయికుల చేతిలో ఉండేవి. 1835–37 నాటి ఘుంసర్ పోరాటంలో కుంఫిణీ సేనలకు కొండలలో విల్లులు, గొడ్డళ్ళతో పాటు ఇవీ ఎదురైనవి. ఆ తరువాత మూతి నుండి మందు కూరే నాటు తుపాకి కమ్మరి కొలిమిలో పుట్టి, పంట కాపలాకు, అడవి వేటకు వాడుకలోనికి వచ్చినది. అదీ చేతిపనే, అదీ అడిగినవానికి చేసి ఇచ్చినదే. ఆ కమ్మరి నేర్పును చులకన చేయనక్కరలేదు. అయితే తేడా ఒకటి ఉన్నది, అది ప్రాణాలకు సంబంధించినది. ఆంగ్ల తుపాకి ఏదైనా అమ్మకానికి పోకముందు ప్రభుత్వం గుర్తించిన పరీక్షాశాలలో మామూలుకంటె అధికమైన మందుతో పేల్చి చూడవలసినదే. లండన్ పరీక్షాశాల 1637 నాటి సనదుతో, బర్మింగ్‌హామ్‌ది 1813 నుండి నడుస్తున్నవి. నాటు తుపాకిని పరీక్షించేది కొన్నవాని చెంప, కొన్నవాని చేయి. గొట్టం పగిలి వేళ్ళు పోగొట్టుకొన్నవారు, చీకటిలో కదలికను పంది అనుకొని తోటివానిని కొట్టినవారు కొండ ఊళ్ళలో ఎవరికీ తెలియనివారు కారు.

పేరుకు విలువ ఎక్కువ గనుక పేరు దొంగతనమూ ఎక్కువే. బెల్జియం లీజ్ నగరపు వర్తకులు పెద్ద దుకాణాల పేర్లను పోలిన పేర్లు చెక్కి చవక తుపాకులను లోకమంతటా అమ్మినారు. వెస్ట్లీ రిచర్డ్స్ పేరు తెలిసినవానికి డబ్ల్యూ. రిచర్డ్స్ అన్నది కూడా అదే అనిపిస్తుంది. కాబట్టి పేరు కంటె ముద్రలు చూడాలి. గొట్టాల అడుగున కిరీటం క్రింద అక్షరాలు గాని, ఒకదానిపై ఒకటి వేసిన రాజదండాలు గాని ఉంటే ఇంగ్లాండు పరీక్షాశాల ముద్రలు. గుండ్రటి గీతలో ఇ.ఎల్.జి. అన్న అక్షరాలుంటే అది లీజ్ సరుకు. ఇంకొక ఆధారం వరుస సంఖ్య. హాలండ్, పర్డీ, రిగ్బీ, వెస్ట్లీ రిచర్డ్స్ దుకాణాల వారు పందొమ్మిదవ శతాబ్దం నుండి చిట్టాలు భద్రపరచినారు. ఆ సంఖ్య ఇస్తే ఏ సంవత్సరంలో, ఎవరి కోసం చేసినదో పాత చిట్టా నుండి చెప్పగలరు. ఒక కుటుంబానికి తుపాకి ధర కంటె ఆ ఒక్క పంక్తి ఎక్కువ కావచ్చు.

తుపాకి కథ దాని ధరను ఎంత పెంచుతుందో చెప్పడానికి జిమ్ కార్బెట్ రైఫిల్ చాలును. 436 మందిని చంపినదని లెక్కవేసిన చంపావత్ ఆడపులిని 1907లో కొట్టినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ ఆయనకు .275 కొలత రిగ్బీ రైఫిల్ బహూకరించినాడు. అది జోడు గొట్టాలది కాదు. జర్మనీ మౌజర్ యంత్రభాగం మీద లండన్‌లో తీర్చినది. బంగారం లేదు, నగిషీ లేదు, చిన్న వెండి రేకు మాత్రం ఉన్నది. 2015లో రిగ్బీ కంపెనీయే దానిని తిరిగి కొన్నది. మరుసటి ఏడు కార్బెట్ తిరిగిన కుమావూఁ అడవులకు తెచ్చి చూపినారు. నగిషీ కంటె వాడిన చేయి విలువను పెంచుతుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

మన దేశంలో పాత తుపాకి విలువకు మరొక కారణం ఉన్నది. 1980ల నడుమ నుండి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయినది. ఉన్నవే చేతులు మారాలి. ఇచ్ఛాపూర్ ప్రభుత్వ కార్ఖానాలో చేసే .315 రైఫిల్, మీర్ ఖాసిం కాలం నుండి తుపాకి పనికి పేరున్న బిహారు ముంగేరు పట్టణపు జోడు గొట్టాలు లభించినా, అవి ఆ కోవలోనివి కావు. లండన్‌లో నేడు కొత్త జోడు గొట్టాల రైఫిల్ చేయిస్తే లక్ష పౌండ్లు దాటుతుంది, ఏళ్ళు వేచి ఉండాలి.

అయితే తుపాకి ఎంత గొప్పదైనా దానితో చేయవలసిన పని చట్టంలో లేకపోయినది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ కలిసి వేటను మూసివేసినవి. పంట పాడుచేసే పందిని కొట్టాలన్నా అధికారి అనుమతి ఉండాలి. గంజాం జిల్లాలోనే భేటనొయి పరిసర గ్రామాల వారు కృష్ణజింకలు పొలంలో మేస్తే పంట బాగా పండుతుందని నమ్మి, తుపాకి మాట తలపెట్టక, వాటిని కాపాడుకొంటున్నారు. అవి ఇప్పుడు అక్కడ వేల సంఖ్యలో ఉన్నవి.

ఇక ఇంట్లో ఉన్న తుపాకి సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుదారు మరణిస్తే వారసులు తుపాకిని ఆలస్యం చేయక పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకుని వద్ద గాని దాఖలు చేయాలి. ఇచ్చినంత మాత్రాన అది పోయినట్లు కాదు. రశీదు తీసుకొని వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. 2016 నియమావళి ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి 25 ఏళ్ళు తన పేర ఉన్నా, బ్రతికి ఉండగానే వారసునికి బదిలీ కోరవచ్చు. 2019 సవరణ తరువాత ఒకరి పేర రెండు తుపాకులకు మించరాదు. వారసత్వంగా వచ్చినవైనా అంతే. లైసెన్సు లేకుండా ఉంచుకొన్నందుకు రెండేళ్ళ నుండి అయిదేళ్ళ వరకు, లైసెన్సు లేకుండా తయారు చేసినందుకు ఏడేళ్ళకు తగ్గని శిక్ష ఉన్నది. నిజమైన పంట రక్షణకు మూతి నుండి కూరే తుపాకికి లైసెన్సు పొందే వీలును చట్టం ఉంచినది గనుక, కాగితం లేని నాటు తుపాకిని అటక మీద దాచవలసిన పని లేదు.

పాతది గనుక లైసెన్సు అక్కరలేదన్న మాట ఈ ప్రాంతంలో తరచుగా వినిపిస్తుంది. అది సగం నిజం. వాడుక తప్పిన నమూనా, పురాతన విలువ గలది, లేదా పాడైపోయినది అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానిదైతేనే మినహాయింపు. ఆ మాట అధికారి తేల్చవలసినది. దంతం పొదిగిన తుపాకి అయితే వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది, అమ్మరాదు.

తుపాకిని ఉంచుకొనేవారు చేయకూడని పనులు కొన్ని ఉన్నవి. తుప్పు పోవాలని ఇసుక కాగితంతో రుద్దితే ముద్రలు, సంఖ్య చెరిగిపోయి తుపాకి పేరు పోతుంది. పలుచగా నూనె రాసి పొడి గుడ్డతో తుడిస్తే చాలును. ఇనుము, ఉక్కు పేడులు పురిపెట్టి చేసిన చారల గొట్టాలు నల్లమందు కాలానివి; నేటి పొగలేని మందుకు అవి నిలువవు. ఇవి కోనసముద్రం ఉక్కుతో చేసిన కత్తుల చారలను పోలి ఉన్నా, తయారీ వేరు. జోడు గొట్టాలను వేడిచేసి అతికించే సాహసం ఊరి కొలిమిలో చేయరాదు. గొట్టాల కుదురు చెడితే మళ్ళీ రాదు.

ఇట్టి ఆయుధాలను తీరికగా చూడదలచినవారికి భువనేశ్వరంలోని ఒడిశా రాష్ట్ర మ్యూజియంలో ఆయుధశాల ఉన్నది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో వత్తి తుపాకుల నుండి నగిషీ తుపాకుల వరకు చూడవచ్చును.