నీలి పాపాయిలు, పేరు పడని చేతులు

పసిబిడ్డ ఒంటి రంగు మారితే ఇంట్లో ముందు గమనించేది అమ్మే కదండీ. కాస్త పచ్చబడితే కామెర్లేమో అని కంగారు పడతాం. ఏడ్చి ఏడ్చి మొహం కందిపోతే ఎత్తుకుని ఊరుకోబెడతాం. కానీ పెదవులు, నాలుక, గోళ్ళు నేరేడుపండు తిన్నట్టు నీలంగా మారితే? ఎనభై, తొంభై ఏళ్ళ క్రితం అలాంటి బిడ్డ పుడితే డాక్టర్లు చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు. గుండె జోలికి కత్తి పట్టుకుని వెళ్ళకూడదన్న రోజులవి. ఆ పిల్లల్ని 'బ్లూ బేబీలు' అనేవారు.

ఎందుకు నీలంగా ఉంటారో ముందు చెప్పుకుందాం. రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, ప్రాణవాయువు తీసుకుని ఎర్రబడి గుండెకి తిరిగొస్తుంది. గుండె దాన్ని ఒళ్ళంతా పంపుతుంది. ఈ పిల్లల్లో గుండె కింది గదుల మధ్య గోడకి చిల్లు ఉంటుంది. ఊపిరితిత్తులకి వెళ్ళే దారి సన్నగా ఉంటుంది. దాంతో చెడు రక్తం ఊపిరితిత్తుల దాకా వెళ్ళకుండా అడ్డదారిన ఒంట్లోకి వెళ్ళిపోతుంది. ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో ఫాలో అనే వైద్యుడు 1888లో దీన్ని వివరంగా రాశాడు. అందుకే ఈ జబ్బుకి ఇప్పటికీ ఆయన పేరే. పేరు ఉంది కానీ మందు లేదు.

ఇక్కడ కథలోకి హెలెన్ టౌసిగ్ వస్తుంది. అమెరికాలో 1898లో పుట్టింది. పదకొండేళ్ళకే తల్లి క్షయతో పోయింది. అక్షరాలు తికమకపడే ఇబ్బంది ఉండి చిన్నప్పుడు చదవడమే కష్టమయ్యేది. డాక్టరు కావాలనుకుంటే, హార్వర్డ్ వైద్య కళాశాల ఆడవాళ్ళకి డిగ్రీ ఇవ్వని రోజులు. (అక్కడ అమ్మాయిల్ని చేర్చుకున్నది 1945లో!) చివరికి బాల్టిమోర్ లోని జాన్స్ హాప్కిన్స్ లో 1927లో డాక్టరైంది. 1930లో అక్కడి పిల్లల గుండె విభాగం ఆమె చేతికొచ్చింది. కానీ ముప్పైల్లోకి వచ్చేసరికి వినికిడి బాగా తగ్గిపోయింది. గుండె డాక్టరుకి చెవులు లేకపోతే ఎలా? పెదవుల కదలికని బట్టి మాటలు అర్థం చేసుకోవడం నేర్చుకుంది. పిల్లల ఛాతీ మీద వేళ్ళు ఆనించి గుండె చప్పుడుని చేత్తో పట్టుకోవడం నేర్చుకుంది.

అలా చూసి చూసి ఒక సంగతి పట్టుకుంది. కడుపులో ఉన్న బిడ్డకి గుండె నుంచి వచ్చే రెండు పెద్ద రక్తనాళాల మధ్య చిన్న కాలువ ఒకటి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులకి అది మూసుకుపోతుంది. కొందరు నీలి పాపాయిలు ఆ కాలువ తెరిచి ఉన్నంతకాలం కాస్త బాగానే ఉన్నారు, మూసుకుపోగానే క్షీణించారు. అంటే ఆ కాలువ దారిన రక్తం ఊపిరితిత్తులకి చేరుతోందన్నమాట! మరి అలాంటి కాలువ మనమే కట్టి ఇస్తే?

బోస్టన్ లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ 1938లో ఇంకో రకం పిల్లలకి ఆ కాలువని మూసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన్ని అడిగితే ఆసక్తి చూపించలేదు. 1941లో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అనే సర్జన్ హాప్కిన్స్ కి వచ్చాడు. ఆయనతోపాటు వివియన్ థామస్ అనే సహాయకుడూ వచ్చాడు. ఇంట్లో నీళ్ళ పైపు మార్చినట్టు రక్తం దారి మళ్ళించలేరా అని టౌసిగ్ వాళ్ళని అడిగింది.

థామస్ నల్లజాతి యువకుడు. వడ్రంగం పని తెలుసు. డాక్టరు కావాలని కూడబెట్టుకున్న డబ్బు బ్యాంకు దివాలాతో పోయింది. 1930లో బ్లేలాక్ ప్రయోగశాలలో పనికి కుదిరాడు. చేసేది పరిశోధన. జీతాల పట్టీలో ఉన్న ఉద్యోగం మాత్రం ఊడ్చి తుడిచే పనివాడిది. ఖర్చులకి చాలక, బ్లేలాక్ ఇంట్లో విందులకి గ్లాసులు అందించే పని కూడా చేశాడు. చేతికి వెళ్ళే రక్తనాళాన్ని ఊపిరితిత్తుల నాళానికి కలిపి కుట్టే పద్ధతిని రెండేళ్ళపాటు కుక్కల మీద చేసి చూసి సాధించింది ఆయనే. అంత చిన్న నాళాలకి సరిపోయే సూదులు లేకపోతే, ఉన్నవాటిని విరిచి, సానబట్టి తయారు చేసుకున్నాడు.

1944 నవంబరు 29. పదిహేను నెలల పాప, బరువు సుమారు నాలుగు కిలోలు. కత్తి పట్టింది బ్లేలాక్. ఆయన భుజం వెనక స్టూలెక్కి నిలబడి, కుట్టు కుట్టుకీ సలహా చెప్పింది థామస్. పాప ఆ గండం గట్టెక్కింది. కొన్ని నెలలకి మళ్ళీ నీలిబడి, రెండో పుట్టినరోజు చూడకుండానే పోయింది. ఆ తల్లికి ఏం మిగిలిందో తలుచుకుంటే బాధేస్తుంది. మూడో ఆపరేషన్ ఆరేళ్ళ బాబుకి చేశారు. బల్ల మీద ఉండగానే వాడి పెదవులు గులాబీ రంగుకి తిరిగాయి. ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో తల్లులు బిడ్డల్నెత్తుకుని బాల్టిమోర్ దారి పట్టారు.

1945లో పత్రికలో అచ్చయిన వ్యాసం మీద రెండే పేర్లు: బ్లేలాక్, టౌసిగ్. థామస్ పేరు ఎక్కడా లేదు. టౌసిగ్ కి కూడా పూర్తి ప్రొఫెసరు పదవి 1959 దాకా, అంటే అరవై దాటేదాకా రాలేదు. పండగ వంటంతా ఒకరు చేస్తే, 'ఈసారి విందు అదిరింది' అని ఇంటి యజమానిని మెచ్చుకునే చుట్టాల్ని మనం చూడలేదా ఏంటి!

అయితే చేతులు చేసిన పని చేతులకి తెలుస్తుంది. థామస్ దగ్గర కుట్లు నేర్చుకున్న కుర్ర సర్జన్లు పెద్ద పెద్ద డాక్టర్లయ్యాక, 1971లో వాళ్ళే ఆయన చిత్రపటం గీయించి ఆ ఆస్పత్రికి ఇచ్చారు. 1976లో హాప్కిన్స్ ఆయనకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఈ మధ్య కాలంలో వైద్యులు ఆ ఆపరేషన్ ని 'బ్లేలాక్–థామస్–టౌసిగ్ షంట్' అని రాస్తున్నారు. ఆలస్యంగానైనా మధ్యలో ఆ పేరు చేరింది.

ఆ ఆపరేషన్ గుండెని బాగుచెయ్యలేదు, బిడ్డకి కాస్త సమయం ఇచ్చింది. 1954లో మినెసోటాలో లిల్లెహై అనే సర్జన్ ఈ జబ్బుకి గుండె లోపలే పూర్తి మరమ్మతు చేశాడు. ఇప్పుడు అదే మామూలు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదింటి పిల్లలకి కూడా గుండె ఆపరేషన్లు అందాయి.

బిడ్డ పాలు తాగుతూ చెమటలు పట్టి అలిసిపోతున్నా, బరువు పెరగకపోయినా, ఏడ్చినప్పుడు పెదవులు నీలంగా మారినా, నడిచే పిల్లలు ఆయాసపడి మాటిమాటికీ గొంతుక్కూర్చుంటున్నా పిల్లల డాక్టరుకి చూపించండి. 'ఏం కాదులే, అన్నీ నీ అనుమానాలు' అని ఇంట్లో ఎవరన్నా సరే, ఒకసారి చూపించండి. చెవులు వినపడని ఒక డాక్టరమ్మ కళ్ళతో, వేళ్ళతో గమనించబట్టే కదా ఇదంతా మొదలైంది!