పసినోటికి అందిన బొమ్మ

కాచిగూడ స్టేషను పరిసరముల నుండి బయలుదేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటి, తార్నాక వరకు నడచినవారికి బొమ్మలమ్మువారు ఎందరో కానవత్తురు. ఏడాది నిండిన బిడ్డ గల యింట ఒక పాపబొమ్మ ఉండక మానదు. పెద్దలు దానిని కంటితో చూచి కొందురు. బిడ్డ దానిని నోటితో పరీక్షించును. ఈ రెండు పరీక్షలకు నడుమ గల దూరమే మా ప్రసంగ విషయము. బొమ్మ కట్టుబాటునకును, బిడ్డ క్షేమమునకును గల సంబంధమును మనవారు ఎట్లు ఎరిగిరి, ఎక్కడ ఏమరిరి, తిరిగి ఎట్లు తెలిసికొనిరి అను వృత్తాంతమును సంగ్రహముగా విన్నవించెదము.

తెలుగునాట బొమ్మలు రెండు తెగలవి. ఒకటి కొలువుబొమ్మ, రెండవది ఆటబొమ్మ. కొండపల్లి బొమ్మ మొదటి తెగకు చెందినది. అచ్చటి పనివారు తేలికయైన తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, తల, చేతులు, కాళ్లు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. పిదప సున్నము పూసి రంగులు దిద్దుదురు. సంక్రాంతి కొలువులో ఆ బొమ్మకు సాటి లేదు. కాని కర్ర మెత్తనిది, అవయవములు అతుకులు, రంగు పైపూత. అది కంటికి తగిన బొమ్మ గాని పంటికి తగినది కాదు. మన పెద్దలు కొలువుబొమ్మలను మెట్లపై ఎత్తుగా నిలిపిరి. అందము మాట యటుండ, అవి పసివాని చేతికి అందకుండుట కూడ దానివలన కలిగిన మేలే.

ఆటబొమ్మకు నిదర్శనము ఏటికొప్పాకలో చూడవచ్చును. ఈ గ్రామము వరాహనది చెంత, నేటి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఇచ్చటివారు అంకుడుకర్రను తరిణె పట్టి గుండ్రముగా తీర్తురు. రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కర్రకు ఒత్తి పట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కర్రనంటుకొనును. మొగలియాకుతో మెరుగు పెట్టుదురు. ఆడపిల్లలు మురిసిపోవు లక్కపిడతలు ఈ పనితనము వలన వచ్చినవే. కుంచెతో పూసిన పొరవలె ఈ లక్క సులభముగా పెచ్చులూడదు. పదునైన మూలలుండవు. పసిబిడ్డ చేతిబొమ్మకు ఇంతకన్న మంచి కట్టుబాటు అరుదు.

అయినను ఒక చిక్కు మిగిలినది. అది రంగు. కట్టుబాటులోని లోపము కంటికి కనబడును. రంగులోని విషము కనబడదు. పూర్వము ఏటికొప్పాకవారు చెట్టుచేమల రంగులే వాడిరి. చవుకగా, చమక్కుగా రసాయనపు రంగులు అంగడికి రాగా క్రమముగా వానికి మరలిరి. అట్లని పాతదంతయు నిర్దోషమని తలపరాదు. మన చిత్రకారులు తరతరములుగా ఎరిగిన సిందూరము సీసపు సరకు. పచ్చని హరిదళము పాషాణజాతి. ఎఱ్ఱని ఇంగిలీకము పాదరసముతో కూడినది. నేటికిని కొన్ని సుర్మాలలో సీసము కలదు. కావున పాత, క్రొత్త అను భేదము చాలదు. ఏ వస్తువుతో చేసిరి అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నను ప్రపంచము ఆలస్యముగా అడిగినది. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగర వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్, పిల్లలకు సోకిన సీసపు విషమునకు మూలము ఇండ్ల వసారా కటకటాలకు పూసిన రంగేయని వెల్లడించెను. అమెరికాలో ఇండ్లకును, బొమ్మలకును అట్టి రంగును నిషేధించుటకు 1978 వరకు పట్టినది. అటుపిమ్మటను 2007లో మాట్టెల్ సంస్థ సీసపు రంగు కారణముగా లక్షలాది బొమ్మలను అంగడినుండి వెనుకకు రప్పించుకొనవలసి వచ్చెను. సీసము బిడ్డ మెదడునకు చేటు. ఇంత వరకైన ఫరవాలేదనదగిన మోతాదు ఏదియు తెలియరాలేదు. పైగా ఒంట ఇనుము చాలని బిడ్డలు సీసమును మరింతగా గ్రహింతురు. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చి, తార్నాకలో నెలకొన్న జాతీయ పోషకాహార సంస్థ దీర్ఘకాలముగా పరిశోధించుచున్న రక్తహీనతకును, బొమ్మ రంగునకును ఇట్లు చుట్టరికము కలిగినది.

ఏటికొప్పాక కథ ఇచ్చట మలుపు తిరిగినది. గడచిన శతాబ్ది చివరి దశకములలో ఆ గ్రామమునకు చెందిన శ్రీ సి. వి. రాజు సహజవర్ణములను పునరుద్ధరింప పూనిరి. పసుపు, నీలి, జాఫ్రాగింజలు, లక్క మున్నగువాని నుండి రంగులు తీయు పద్ధతులను సాధించి పనివారికి అలవరచిరి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో శ్రీ రాజుగారిని పద్మశ్రీ వరించెను.

ఇక చట్టము మాట. భారత ప్రభుత్వము 2020లో బొమ్మల నాణ్యతను గూర్చి ఉత్తరువు వెలువరించినది. 2021 జనవరి 1 నుండి పదునాలుగేండ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరియైనది. ఆ పరీక్షలలో ఒకటి ముచ్చటైనది. మూడేండ్ల లోపు బిడ్డల బొమ్మనుండి ఊడి వచ్చు ఏ ముక్కయు 31.7 మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న గొట్టములో పూర్తిగా ఇముడరాదు. ఆ వ్యాసము వెనుకటి వెండిరూపాయికంటె రవ్వంత పెద్దది. అందులో ఇమిడినది బిడ్డ గొంతులోను ఇరుకుకొనగలదని భావము. అయితే నమోదైన చేతిపనివారి బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును 2020 డిసెంబరులోనే ఆ ముద్రనుండి మినహాయింపు నిచ్చిరి. పరీక్షల ఖర్చు బీద పనివానిని క్రుంగదీయకుండుటకు ఇది న్యాయమే. కాని దీనివలన మన సొంత బొమ్మల విషయమున పరీక్షాభారము పనివాని మనస్సాక్షిపైనను, కొనువారి వివేకముపైనను పడినది.

కనుక గృహిణులు ఈ కొలది జాగ్రత్తలు పాటింతురుగాక. క్రొత్త బొమ్మను బిడ్డకిచ్చుటకు ముందు చేతులు, కాళ్లు, తల పట్టి గట్టిగా లాగి చూడవలెను. కన్నులు పూసలో గుండీలో అయినచో పసివానికి పనికిరావు. దారముతో కుట్టినవి మేలు. గుడ్డబొమ్మ కుట్లు పిగిలి లోని దూది వెలికి రారాదు. మెడకు చుట్టుకొనదగిన పొడవు త్రాడును తీసివేయవలెను. తడిగుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటినచో ఆ బొమ్మను కొలువులో నిలుపవచ్చును గాని నోటికి అందనీయరాదు. రంగు అంటనంత మాత్రమున సీసము లేదని కాదు; కావున ముద్రయైనను ఉండవలె, రంగు పుట్టుకయైనను తెలియవలె. ఏడ్చు బొమ్మలు, మాటలాడు బొమ్మలు కొనువారు బ్యాటరీ పెట్టెకు మర బిగించియున్నదో లేదో చూడవలెను. గుండీవంటి బ్యాటరీని బిడ్డ మ్రింగినచో రెండు గంటలలోనే అన్ననాళము కాలిపోవచ్చును; తడయక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఏటికొప్పాక పనివాడు మంచి రంగునకు మరలినప్పుడు అతని శ్రమయు, ఖర్చును పెరిగినవి. ఆ రంగును అడిగి కొనువారున్నంత కాలమే అతడు దానిని నిలుపుకొనగలడు. బొమ్మల అంగడిలో వెల అడుగుటకు ముందు రంగు దేనితో చేసిరని అడుగుడు.