ముప్పై అయిదు పౌండ్ల సింహాసనం

చెప్పేవానికి వినేవాడు లోకువ అన్నది మన సామెత. ఆటల లోకంలో దీనికొక పాఠాంతరం ఉన్నది: చూసేవానికి నడిపేవాడు లోకువ. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకొనే దేశాలలో వేసవి విరామం రాగానే మైదానాలు ఖాళీ అవుతాయి, నోళ్లకు మాత్రం పని పెరుగుతుంది. ఎవరిని కొన్నారు, ఎవరిని వదులుకున్నారు, ఇంత ధర పోయడానికి అతనిలో ఏం చూశారు అని చర్చలు సాగుతాయి. ప్రతి చర్చా చివరకు ఒక్క వాక్యం దగ్గర ఆగుతుంది: "ఆ కుర్చీలో నేనుంటేనా!"

మనకు ఈ తగవు కొత్త కాదు. 2008 ఫిబ్రవరి 20న ముంబయిలో ఐపీఎల్ తొలి వేలం జరిగింది. తన జట్టుకు చేతిలో డబ్బు మిగలాలని లక్ష్మణ్ 'ఐకాన్' హోదాను వదులుకున్నాడు. హైదరాబాదు దక్కన్ ఛార్జర్స్ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు పాడుకున్నది. ఆ ఏడు ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. వేలం పాడినవారిని తిట్టని తెలుగువాడు లేడు. మరుసటి ఏడు, 2009లో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు కప్పు గెలిచింది. తిట్టినవారిలో ఎవరూ మాట వెనక్కు తీసుకున్నట్లు నాకు గుర్తు లేదు. చూసేవాని తీర్పులో ఉన్న సౌఖ్యమిదే. తప్పయితే దానికి లెక్క అప్పజెప్పనక్కరలేదు.

మరి నిజంగా ఆ కుర్చీ ఇచ్చి కూర్చోబెడితే? సరిగ్గా ఆ ఫిబ్రవరి నెలలోనే ఇంగ్లాండులో ఆ పని జరిగింది. దానిని చెప్పడానికి ముందు మరొక వందేళ్లు వెనక్కు వెళ్లి రావాలి.

1906లో ప్లిమత్ పట్టణంలో పశుప్రదర్శన జరిగింది. అక్కడొక పందెం. ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక అది ఎంత తూగుతుందో ఊహించి చీటీ మీద వ్రాయాలి. చీటీ వెల ఆరు పెన్నీలు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీలను తెప్పించుకొని, చదవడానికి వీలులేని వాటిని తీసివేసి, మిగిలిన 787 అంచనాలను వరుసగా పేర్చాడు. నట్టనడుమ నిలిచిన అంచనా 1207 పౌండ్లు. అసలు తూకం 1198. సామాన్యజనం మీద పెద్ద గౌరవమేమీ లేని గాల్టన్ 1907లో ఈ లెక్కను 'నేచర్' పత్రికలో ప్రకటించి, గుంపు తీర్పు తాననుకున్నంత చెడ్డది కాదని ఒప్పుకోవలసి వచ్చింది.

అభిమానుల పక్షాన వాదించేవారందరికీ ఈ ఎద్దు పెద్ద ఆధారం. అయితే గాల్టన్ గమనించిన రెండు సంగతులను మరువరాదు. చీటీకి డబ్బు పెట్టవలసి రావడం వల్ల వేళాకోళానికి వ్రాసేవారు తగ్గారు. వ్రాసినవారిలో కసాయివారు, రైతులు ఉన్నారు. పైగా ఎద్దు కళ్లయెదుటే ఉన్నది. ఈ మూడింటినీ గుర్తుంచుకొని ఇక ఫుట్‌బాల్ వద్దకు వద్దాం.

కెంట్ ప్రాంతంలో, థేమ్స్ ఒడ్డున, గ్రేవ్‌సెండ్, నార్త్‌ఫ్లీట్ అని జంట ఊళ్లు ఉన్నాయి. ఆ రెండు ఊళ్ల జట్లు 1946లో కలిసి ఒకే క్లబ్బు అయ్యాయి. 2007లో ఆ క్లబ్బు తన పేరును ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్‌గా మార్చుకున్నది. ఇంగ్లాండు ఫుట్‌బాల్ మెట్లలో దానిది అప్పట్లో అయిదవ మెట్టు. స్టోన్‌బ్రిడ్జ్ రోడ్డు మీద చిన్న మైదానం, ఊరివారే ప్రేక్షకులు.

ఆ 2007లోనే విల్ బ్రూక్స్ అనే మాజీ క్రీడాపాత్రికేయుడు అంతర్జాలంలో ఒక పిలుపునిచ్చాడు. ఏభై వేలమంది తలా 35 పౌండ్లు వేసుకొని ఒక క్లబ్బును కొందాం. ఎవరిని కొనాలో, ఎవరిని అమ్మాలో, ఆ వారం ఎవరు ఆడాలో అన్నీ ఓటు మీద నిర్ణయిద్దాం. అప్పుడు మనమంతా ఇక్కడ టపాలు వ్రాస్తూ, కూడలిలో పేరు కనబడితే పొంగిపోతూ ఉన్న రోజులు. పదిమంది చేతులు కలిపితే అంతర్జాలంలో కానిది లేదన్న నమ్మకం గాలిలోనే ఉండేది. ఆ పిలుపుకు స్పందించి ముప్పై వేలకు పైచిలుకు మంది డబ్బు కట్టారు. అనేక దేశాలనుంచి కట్టారు. 2008 జనవరిలో ఎబ్స్‌ఫ్లీట్‌ను కొనడానికి వందకు తొంభై అయిదుమందికి పైగా ఔనన్నారు. ఫిబ్రవరిలో సుమారు ఆరు లక్షల పౌండ్లకు క్లబ్బులో ముప్పాతిక వాటా వారిదయింది. ఎన్నడూ లేనిది, చూసేవారు సింహాసనమెక్కారు.

ఎక్కి ఏం చేశారు? అసలు కథ ఇక్కడ ఉన్నది. జట్టుకు శిక్షకుడు లియమ్ డెయిష్. పథకం ప్రకారం పదకొండుమందిని ఎంపిక చేసే అధికారం సభ్యులది. ఏ హక్కు కోసం డబ్బు కట్టారో ఆ హక్కును వాడవలసిన సమయం వచ్చినప్పుడు, ఎంపిక డెయిష్ చేతిలోనే ఉండనిద్దామని సభ్యులు ఓటు వేశారు!

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన భరతుడు జ్ఞాపకం వచ్చాడు. నాట్యశాస్త్రం ఇరువది యేడవ అధ్యాయంలో ప్రదర్శన మంచిచెడ్డలను తేల్చే ప్రాశ్నికుల ప్రస్తావన ఉన్నది. అన్ని గుణాలూ ఒక్క ప్రేక్షకునిలో ఉండవని ముందే ఒప్పుకొని, ఏ విషయం తెలిసినవాడు ఆ విషయంలోనే తీర్పరి కావాలని ఆయన విభజించాడు. పాఠ్యానికి వైయాకరణుడు, ఛందస్సుకు ఛందోవేత్త, సౌష్ఠవానికి విలుకాడు. ఎబ్స్‌ఫ్లీట్ సభ్యులు చేసినదీ అదే. ఎవని మడమ నొప్పి పెడుతున్నదో, ఎవడు నిన్నటి సాధనలో చురుకుగా ఉన్నాడో వేల మైళ్ల దూరాన ఉన్నవానికి తెలియదు. ప్లిమత్‌లో ఎద్దు కళ్లయెదుట ఉన్నది. ఇక్కడ ఆటగాణ్ణి ఒక్కసారైనా చూడని యజమానులే ఎక్కువ. తెలియదని తెలుసుకోవడం కూడా తీర్పే. ఆ మాటకు వస్తే, వారు చేసిన నిర్ణయాలన్నింటిలో ఉత్తమమైనది ఇదేనని నా అభిప్రాయం.

ఫలితం కూడా వెంటనే కలిసివచ్చింది. 2008 మే 10న వెంబ్లీ మైదానంలో, నలభై వేలమంది ఎదుట, ఎఫ్.ఏ. ట్రోఫీ తుదిపోరులో ఎబ్స్‌ఫ్లీట్ 1–0తో టార్కీ యునైటెడ్‌ను ఓడించింది. క్రిస్ మెక్‌ఫీ ముందు పెనాల్టీని పోగొట్టి, విరామానికి కాస్త ముందు తానే గోలు కొట్టాడు. సభ్యులు సంబరపడ్డారు. అయితే అది ప్రధానంగా కొనుగోలుకు మునుపే డెయిష్ కూర్చుకున్న జట్టని చెప్పుకోవడం న్యాయం.

నిజమైన పరీక్ష ఆ వేసవి చివర వచ్చింది. జాన్ అకిండే అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడు ముందువరుసలో ఆడేవాడు. రెండవ మెట్టులో ఉన్న బ్రిస్టల్ సిటీ అతనికి 1,40,000 పౌండ్లు ఇస్తామన్నది. నాలుగు వేలమంది సభ్యుల చందా అది. అమ్మాలా, ఉంచుకోవాలా? ఓటు పెట్టారు, అమ్మమన్నారు. అకిండే బ్రిస్టల్‌లో కొద్ది ఆటలే ఆడాడు, అరువు మీద ఇతర జట్లకు తిరిగాడు. అమ్మినవారే గెలిచారనీ, కొన్న నిపుణులే మోసపోయారనీ అప్పుడు అనుకోవచ్చు. కాని 2014–15లో అదే అకిండే బార్నెట్ తరఫున లీగులో 31 గోళ్లు కొట్టి, ఆ జట్టును అయిదవ మెట్టు విజేతగా నిలిపి పైమెట్టుకు చేర్చాడు. ఇప్పుడు ఎవరి తీర్పు సరి? తీర్పు చెప్పడానికి ఎంత కాలం ఆగాలో నిర్ణయించకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

అభిమానులు ఓడినది మరొకచోట. 2009 ఫిబ్రవరిలో చందా తిరిగి కట్టవలసి వచ్చింది. ముప్పై వేలకు పైగా ఉన్నవారిలో పదివేలమంది కూడా మిగలలేదు. 2010 నాటికి అయిదు వేలకు లోపు. డబ్బు తగ్గిన కొద్దీ ఆటగాళ్ల జీతాలకు కోత పడింది. 2010లో జట్టు ఒక మెట్టు దిగింది, 2011లో తిరిగి ఎక్కింది, 2013లో మళ్లీ దిగింది. ఆ వసంతంలో మిగిలిన సభ్యులు తమ వాటాలను వదులుకోవడానికే ఓటు వేశారు. మే నెలలో కువైట్ పెట్టుబడి గల కే.ఇ.హెచ్. స్పోర్ట్స్ అనే సంస్థ క్లబ్బును చేపట్టింది. చూసేవారి రాజ్యం అయిదేళ్లు నడిచింది.

మిత్రులారా, వారి ఓట్లను ఒక్కొక్కటిగా తీసి చూస్తే తెలివితక్కువ ఓటు నాకు కనబడలేదు. నిర్వాహకుల కుర్చీలో కూర్చున్నవారు చేసే తప్పులకంటె వారు ఎక్కువ చేయలేదు. అయితే నిర్వాహకునికి లేనిది ఒకటి వారికి ఉన్నది: విసుగు పుట్టినప్పుడు లేచి వెళ్లిపోయే వెసులుబాటు. ఎద్దు తూకానికి ఒక్కసారి చీటీ వ్రాస్తే చాలు. క్లబ్బుకు ప్రతి సంవత్సరం వ్రాయాలి, గెలవని సంవత్సరం కూడా వ్రాయాలి. వర్షంలో స్టోన్‌బ్రిడ్జ్ రోడ్డు మెట్ల మీద నిలబడే ఊరివారికి ఓటు లేని రోజుల్లోనూ ఆ జట్టు తమదే, ముప్పై వేలమంది యజమానులు వచ్చిన రోజుల్లోనూ తమదే, వారు వెళ్లిపోయిన మర్నాడూ తమదే. ఆ నిలకడను 35 పౌండ్లకు కొనడం సాధ్యపడలేదు.

కనుక ఈసారి ఏ జట్టు వేలాన్ని చూసి అయినా "ఆ కుర్చీలో నేనుంటేనా" అని నోటికి వచ్చినప్పుడు, ఆ కుర్చీలో మూడవ ఏడు కూడా ఉంటానా అని ఒక్కమారు అడుగుకుంటే మంచిది. నేను అడుగుకున్నాను. జవాబు ఇక్కడ వ్రాయను.

ఆ ముప్పై వేలమందిలో మన తెలుగువారు ఎవరైనా ఉండి ఉంటే, ఎందుకు చేరారో, ఎప్పుడు మానుకున్నారో వ్యాఖ్యగా వ్రాయవలసిందిగా ప్రార్థన.

స్వస్తి.