యుద్ధభూమి కోసం పుట్టిన చేతులు

1985లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో డాక్టర్లు ఫ్యాక్టరీ పనుల కోసం తయారైన ‘ప్యూమా’ అనే రోబో చేతిని తెచ్చి, మెదడు బయాప్సీలో సూదికి దారి చూపే పనికి పెట్టారు. అదే ఏడాది జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ పొట్టను పెద్దగా కోయకుండా స్కోపు సాయంతో పిత్తాశయాన్ని తీశాడు. ఈ రెండు దారులూ కలవడానికి పన్నెండేళ్లు పట్టింది.

కలవాల్సిన అవసరాన్ని తెచ్చింది ఇలా స్కోపుతో చేసే ఆపరేషన్, అంటే లాప్రోస్కోపీయే. రోగికి అది వరం: చిన్న గాట్లు, తక్కువ నొప్పి, త్వరగా ఇంటికి. అవస్థంతా సర్జన్‌ది. పొడవాటి పరికరానికి పొట్టగోడే ఇరుసు కావడంతో, చెయ్యి కుడికి కదిపితే లోపల కొస ఎడమకు పోతుంది. ఆ కొసకు మణికట్టు లేదు. తెర మీది బొమ్మకు లోతు లేదు. అలాంటి స్థితిలో కుట్టు వేసి ముడి బిగించాలి.

ఈ అవస్థ తప్పించే దారి చూపినవాళ్ల ఉద్దేశం వేరు. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఫిలిప్ గ్రీన్ బృందం దూరం నుంచి ఆపరేషన్ చేసే యంత్రాన్ని రూపొందించింది. సైనిక వైద్యుడు రిచర్డ్ సటావా చొరవతో అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా డబ్బు పెట్టింది. గాయపడిన సైనికుడు యుద్ధభూమి దగ్గర, సర్జన్ ఎక్కడో భద్రంగా ఉండాలన్నది వాళ్ల ఆలోచన. 1995లో మొదలైన ఇంట్యూటివ్ సర్జికల్ ఆ పరిజ్ఞానానికి లైసెన్సు తీసుకుని, సర్జన్‌ను రోగి ఉన్న గదిలోనే కూర్చోబెట్టింది. మైళ్ల సంగతి పక్కనపెట్టి, వేళ్లకూ పరికరం కొసకూ మధ్యనున్న ఎడాన్ని చెరిపే పనికి పూనుకుంది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా నమ్మకం.

1997లో బెల్జియంలో సర్జన్లు జాక్ హింపెన్స్, గై కాడియేర్ ఆ సంస్థ తొలి నమూనాతో పిత్తాశయం తీశారు. 2000లో ఆ సంస్థ రోబో ‘డా విన్సీ’కి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. సర్జన్ తన ముందున్న కన్సోలులోకి తొంగి చూస్తే ఒక్కో కంటికి ఒక్కో దృశ్యం అందుతుంది కాబట్టి లోతు తెలుస్తుంది. వేళ్లు కదిలిస్తే లోపలి కొస మణికట్టులా తిరుగుతుంది. చేతి వణుకును యంత్రం వడగడుతుంది.

దూరం నుంచి ఆపరేషన్ కూడా జరిగింది. 2001 సెప్టెంబర్ 7న న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్ జాక్ మారెస్కో, ‘జియస్’ అనే మరో రోబోతో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న 68 ఏళ్ల మహిళకు పిత్తాశయం తీశారు. అయితే రోబోను రోజువారీ వైద్యంలోకి తెచ్చింది ప్రోస్టేట్ క్యాన్సర్. డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో సర్జన్ మణి మీనన్ రోబోతో ఆ క్యాన్సర్ ఆపరేషన్ చేసే పద్ధతిని తీర్చిదిద్దారు. అక్కడి యూరాలజీ సంస్థకు విరాళమిచ్చింది మన తెలుగువాడు రాజ్ వట్టికూటి. ప్రోస్టేట్ తీశాక మూత్రాశయాన్ని మూత్రమార్గానికి తిరిగి కుట్టాలి. కటి భాగంలోని ఆ ఇరుకులోనే రోబో మణికట్టు విలువ తేలింది.

ఇంత దొరికినా, స్పర్శ పోయింది. దారం ఎంత బిగిసిందో సర్జన్లు కళ్లతో చూసే అంచనా కట్టేవారు. 2024లో అనుమతి పొందిన ‘డా విన్సీ 5’ కోసం చేసిన ప్రత్యేక పరికరాలు ఆ ఒత్తిడిని కొంతవరకు మళ్లీ చేతికి తెలిసేలా చేస్తున్నాయి.