ఊపిరితో ప్రార్థన: ఒక పాత వివాదము

మా సంఘములోని ఒక విశ్వాసురాలు ఈ మధ్య నన్ను అడిగింది: “అయ్యగారూ, బి.పి. తగ్గడానికి రోజూ కాసేపు ఊపిరిని గమనిస్తూ కూర్చోమన్నారు డాక్టరుగారు. అది అన్యాచారము కాదా?” మన కాపరులలో అనేకులకు ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. దాదాపు ఇటువంటి ప్రశ్నమీదనే 14వ శతాబ్దములో ప్రాచ్య సంఘము సభ కూడవలసి వచ్చినదని మనలో కొద్దిమందికే తెలుసు.

దీని మూలములు ఐగుప్తు ఎడారిలో ఉన్నవి. అక్కడి సన్యాసుల బోధను 5వ శతాబ్దములో జాన్ కాసియన్ లతీను భాషలో గ్రంథస్థము చేశాడు. 70వ కీర్తన మొదటి వచనమును పనిలోను, ప్రయాణములోను, నిద్రకు ముందును విడువక తలంచుకొమ్మని అందులో అబ్బా ఐజాక్ బోధిస్తాడు. అక్కడ ఊపిరి ప్రస్తావన లేదు. 7వ శతాబ్దములో సీనాయి పర్వత మఠాధిపతి యోహాను క్లైమకస్ యేసు స్మరణను శ్వాసతో జోడించమన్నాడు. అది ఒక్క మాటగా చెప్పినదే గాని పద్ధతి కాదు. పద్ధతిని వివరముగా వ్రాసినది 13వ శతాబ్దములో ఏథోస్ పర్వత సన్యాసి నికెఫొరోస్: ఊపిరి లోనికి పోవు మార్గముననే మనస్సును హృదయములోనికి దింపి, అక్కడ యేసు నామమును స్మరించవలెను.

ఇటలీ దక్షిణ ప్రాంతమైన కలాబ్రియానుండి కాన్‌స్టాంటినోపుల్ వచ్చిన పండితుడు బర్లాముకు ఇది హాస్యాస్పదముగా తోచింది. తల వంచి కూర్చున్న ఆ సన్యాసులను అతడు “బొడ్డులో ఆత్మ గలవారు” అని ఎగతాళి చేశాడు. అతని భయము పూర్తిగా నిరాధారమని నేననను. కృపకు బదులు కిటుకు వచ్చి కూర్చుంటుందేమోనన్న అనుమానము ప్రొటెస్టంటులమైన మనకూ ఉన్నదే కదా!

అతనికి జవాబిచ్చినవాడు గ్రెగొరీ పాలమాస్. దేహము చెడ్డది కాదు, అది పరిశుద్ధాత్మ ఆలయము (1 కొరింథీ 6:19). అటువంటి దేహములోనికి మనస్సును రప్పించుటలో తప్పేమున్నది? కొత్తగా ప్రార్థన నేర్చుకొనువారి మనస్సు పట్టుకున్నంతలోనే జారిపోవును గనుక ఊపిరిని గమనించుట వారికి ఊతకర్ర అని అతని వాదన. నా దృష్టిలో ఈ వివాదమంతటిలోను ముఖ్యమైన మాట ఇదే. శ్వాస పద్ధతిని సమర్థించినవాడే దానిని ఆరంభకుల సహాయముగా ఉంచాడు, కృపకు ప్రత్యామ్నాయము చేయలేదు.

1341లో కాన్‌స్టాంటినోపుల్ సభ బర్లామును ఖండించింది. అతడు ఇటలీకి వెళ్లి రోమా సంఘములో బిషప్పు అయ్యాడు. దేవుని సారము, శక్తులు అను లోతైన చర్చ మాత్రము ఆగలేదు. 1351 సభ పాలమాస్ బోధను స్థిరపరచింది.

విచిత్రమేమనగా, 16వ శతాబ్దములో ఆ రోమా సంఘములోనే ఇగ్నేషియస్ లొయోలా ప్రభువు ప్రార్థనను ఒక్కొక్క శ్వాసకు ఒక్కొక్క మాట చొప్పున చెప్పుమని తన ‘ఆధ్యాత్మిక సాధనలు’లో వ్రాశాడు. 1782లో వెనిస్‌లో అచ్చయిన ‘ఫిలోకాలియ’ ప్రాచ్య పితరుల వ్రాతలను ఒకచోట చేర్చింది. 19వ శతాబ్దపు రష్యా గ్రంథమొకటి వాటిని మఠపు గోడలు దాటించింది. అందులోని పేరులేని యాత్రికుడు సంచిలో ఎండు రొట్టె, బైబిలు పెట్టుకొని నడుస్తూ, దారిలో కలిసిన ఒక అంధునికి యేసు ప్రార్థనను రెండు భాగములు చేసి ఊపిరితోపాటు చెప్పుట నేర్పుతాడు.

మా విశ్వాసురాలికి నేను చెప్పినదీ అదే. ఊపిరి తీసుకొనునప్పుడు “ప్రభువైన యేసూ” అనీ, విడుచునప్పుడు “నన్ను కరుణించుము” అనీ చెప్పుకోమన్నాను. కూర్చునే తీరిక ఎక్కడిదయ్యా అన్నది. అన్నము ఉడికేలోపు పొయ్యి దగ్గరే చేయమన్నాను.