నూకరాజు మనవడు సాత్విక్

అనకాపల్లి పరిసరాల్లో పెద్దవాళ్ళ పేర్లలో ఆ నేల దేవతలే కనిపిస్తారు. గవరపాలెం నూకాంబిక పేరన నూకరాజు, నూకాలమ్మ, నూకరత్నం. సింహాచలం అప్పన్న పేరన అప్పలరాజు, అప్పలనరసమ్మ. ఇక సింహాచలం అన్న పేరైతే ఆడామగా ఇద్దరికీ. వాళ్ళ మనవల తరానికి వచ్చేసరికి సాత్విక్, మోక్షిత, కారుణ్య, ధ్యాన్. మన మూలాలు తెగిపోతున్నాయని బాధపడేవాళ్ళున్నారు. నాకలా తోచదు. పాత పేరు చాలా ఇళ్ళలో మొక్కు చెల్లింపు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి అమ్మవారికి మొక్కుకునేది, బిడ్డ నిలిస్తే ఆ దేవత పేరే పెట్టేది. దిష్టి తగలకూడదని పెంటయ్య, పుల్లయ్య అని పిలిచినదీ బిడ్డ దక్కదేమోనన్న భయంతోనే. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చి ఆ భయం సడలాక, బతికితే చాలన్న కోరిక ఎలా బతకాలన్నదాని మీదికి మళ్ళింది. కోరుకోవడం మాత్రం ఆగలేదు.

పైగా గుణాన్నీ ధర్మాన్నీ పేరుగా పెట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు. అనకాపల్లి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. ఆ కొండను బౌద్ధులు తొలిచిన కాలానికి ముందే అమరావతి స్తూపానికి రాళ్ళిచ్చిన దాతల్లో బుద్ధరక్షిత, ధర్మరక్షిత వంటి పేర్లవాళ్ళున్నారు. 1862లో ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడకు ఇంటివాళ్ళు పెట్టిన పేరు వెంకట అప్పారావు. కన్యాశుల్కం నాటకంలో మంచి వకీలుకు ఆయన పెట్టిన పేరు సౌజన్యారావు. క్రైస్తవ కుటుంబాల్లో కృప, దీవెన, కరుణ ఎప్పటినుంచో ఉన్నాయి. దేవుణ్ణే ఒప్పుకోని గోరా కూడా పిల్లలకు లవణం, మైత్రి, సమరం అని పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం, రెండో ప్రపంచ యుద్ధం నాటి కొడుకు సమరం. అంటే భక్తులకూ నాస్తికులకూ పేరు ఒక సంకల్పమే.

ఇప్పటి పేర్లలో కొన్ని నిఘంటువుకు దొరకవన్న అభ్యంతరం నిజమే. కానీ ఆ తప్పంతా ఫ్యాషన్‌ది కాదు. పూర్వాషాఢ నాలుగో పాదంలో పుట్టిన బిడ్డకు పంచాంగం ఇచ్చే అక్షరం ‘ఢ’. దానితో మొదలయ్యే సద్గుణం ఎక్కడ వెతకాలి? అర్థం వదిలేసి చప్పుడు కోసమే కట్టిన పేర్లను నేనూ సమర్థించను. అక్షరాన్ని వదులుకునైనా అర్థం నిలుపుకోవాలి. పేర్లన్నీ ఒకే మూసలోకి వెళ్ళి, వింటే ఏ ఊరివారో తెలియడం లేదన్నది ఇంకా బలమైన మాట. నూకరాజు అనగానే అనకాపల్లి వైపు మనిషని పోల్చుకునే వీలు పోవడం నష్టమే. అయితే పాత పేరు ఊరితోపాటు చాలాసార్లు కులాన్నీ చెప్పేది. అదే పేరు చివర ‘గాడు’ తగిలించి పిలిపించుకున్నవాళ్ళూ, ‘గారు’ చేర్చి పిలిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. హాజరు పట్టీలో సాత్విక్ అని ఉంటే మేస్టారికి ఆ పేరు వెనక ఏ వీధి ఉందో తెలియదు. ఇంటిపేరు ఇంకా ఆ గుట్టు విప్పుతూనే ఉన్నా, బిడ్డ సొంత పేరుకు దక్కిన ఈ స్వేచ్ఛ కోసం ఆ నష్టాన్ని భరించవచ్చు. అమ్మవారిని వదులుకోలేని ఇంటివాళ్ళకు బారసాల నాటి బియ్యప్పళ్ళెంలో రెండు పేర్లు రాసుకునే వీలు ఎప్పుడూ ఉంది.